మాట తీసేసిన వీడియో

గల్ఫ్‌లో బతికేవాళ్ళం మొదటి రోజుల సంగతి ఇంటికి చెప్పుకోం. ఎవరూ పెట్టిన నియమం కాదిది, అయినా అందరం పాటిస్తాం. దిగిన వారానికల్లా ఎవరిదో కారు పక్కన నిలబడి ఫోటో తీయించుకుంటాం. అద్దాల షాపు ముందు ఇంకొకటి. అవి చూసి ఇంట్లోవాళ్ళు మనవాడు కుదురుకున్నాడనుకుంటారు. ఆ కారు ఎవరిదో, ఆ పూట ఏం తిన్నామో, ఎక్కడ పడుకున్నామో ఫోటోలో కనపడదు. నేనూ అంతే చేశాను. మస్కట్‌కు దూరంగా ఉన్న ఇబ్రి అనే ఈ ఊరు వచ్చి నా జీవితంలో సగం పైగానే గడిచిపోయింది. మొదట్లో ఇక్కడ నేనెలా బతికానో మొన్నమొన్నటిదాకా మా చెల్లెలికే తెలియదు. తెలియకపోబట్టి మా ఊరి ఎన్నికల్లో ఎంత పని జరిగిందో చెబుదామని ఇది మొదలుపెట్టాను. కోపంతోనే మొదలుపెట్టాను. రాస్తుంటే మాత్రం కోపం కంటే, నాకు అన్నం పెట్టినవాళ్ళ మీద కృతజ్ఞతే ఎక్కువ చోటు అడుగుతోంది. అడగనీ.

నాకు వీసా ఇచ్చినవాడు బట్టలు కుట్టే షాపు పెడతానన్నాడు. నేను దిగేసరికి షాపూ లేదు, అతనూ లేడు. ఎవరో దయతలచి లారీలో ఇబ్రి దాకా తెచ్చి దింపారు. భాష రాదు. వేసవి. తల మీద గుడ్డ కప్పుకుని, ఎవరిదో తెలియని ఒక ఇంటి మట్టిగోడ నీడలో కూర్చున్నాను. నీడ జరిగినకొద్దీ నేనూ జరుగుతున్నాను. మధ్యాహ్నం దాటాక తలుపు తెరుచుకుంది. పూల ముసుగు కప్పుకున్న ఒక పెద్దావిడ వచ్చి, మూత పెట్టిన పళ్ళెం నా ముందు పెట్టి, ఒక్క మాటైనా అడగకుండా లోపలికి వెళ్ళిపోయింది. అన్నం, దాని మీద చేప. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. ఎవడివి, ఎందుకొచ్చావు, మా గోడే ఎందుకు దొరికిందని ఎవరూ అడగలేదు. కొన్నాళ్ళకు ఆమె కొడుకు, నా ఈడువాడు, వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుని నీకేం పని వచ్చని సైగ చేశాడు. అతని చొక్కా చేతికి కుట్టు ఊడిపోయి ఉంది. ఆ చెయ్యి పట్టుకుని సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు చూపించాను. పెద్దగా నవ్వాడు. వీధివైపు గది ఒకటి ఖాళీ చేసి నాకిచ్చాడు. కాగితాలన్నీ తన పేరు మీదకు మార్పించుకున్నాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా అతనే నా అర్బాబ్, అంటే నా యజమాని. వాళ్ళమ్మను నేను తెలుగులోనే అమ్మా అని పిలిచేవాణ్ణి. పలికేది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది.

నా చదువు గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. నేను బడికి వెళ్ళినవాణ్ణి కాను. మా ఊరి దర్జీ కొట్టులో కొలతలకు పాత పేపర్లు కత్తిరించి పెట్టుకునేవాళ్ళం. చొక్కా చంక దగ్గర ఒక వార్త సగానికి తెగిపోయేది. రెండో సగంలో ఏముందో తెలుసుకోవాలన్న కసితో అక్షరాలు నేర్చుకున్నాను. తర్వాత దొరికిందల్లా చదివాను, ఇప్పటికీ చదువుతాను. అందుకే ఎవరైనా మాటను సగం కత్తిరించి ఇదే మొత్తమని చూపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

షాపులో నాకొక జోడీ ఉన్నాడు. చిట్టగాంగ్ వాడు, నాకంటే చిన్నవాడు. ఇక్కడి మగవాళ్ళు తొడుక్కునే పొడుగు చొక్కా, దిష్‌దాషాకు అతను మిషను మీద కుట్లు వేస్తాడు. మెడ చుట్టూ చేతి అల్లికా, మెడ దగ్గర వేలాడే కుచ్చూ నా పని. ఒకే పొయ్యి మీద వండుకుంటాం. అతనికి ఆవనూనె లేనిదే ముద్ద దిగదు, ఆ వాసన నాకు పడదు. ఆ తగువు ఇన్నేళ్ళుగా తెగలేదు. నాకు కామెర్లు వచ్చినప్పుడు మాత్రం అతను ఆవనూనె సీసా పక్కింటివాళ్ళకిచ్చి, నాతోపాటు ఉప్పు లేని గంజి తాగాడు.

ఇక మా మేనల్లుడి సంగతి. మా చెల్లెలి కొడుకు. మా ఊరు కాకినాడ దిగువన సముద్రం దగ్గర. ఈమధ్య అక్కడ రొయ్యల షెడ్లు లేచాయి. రొయ్యలు ఒలిచే పనికి ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ మనుషులు వచ్చారు. పొద్దస్తమానం ఐసు నీళ్ళలో చేతులు పెట్టి చేసే పని. మనవాళ్ళు నాలుగు రోజులు చేసి మానేసిన పని. మావాడు సర్పంచికి నిలబడ్డాడు. ఊళ్ళో రోడ్డు లేదు, తాగే నీళ్ళు ఉప్పగా వస్తాయి, బడికి పంతులు చాలడు. ఇవన్నీ చెబితే, ఇన్నాళ్ళూ ఏం చేశారని అడుగుతారు. బయటోళ్ళొచ్చి మన పని లాగేసుకున్నారంటే ఎవరూ ఏమీ అడగరు. అతన్ని నిలబెట్టిన పెద్దలు ఈ ఉపాయం నేర్పారు. మా ఊళ్ళో చాలా ఇళ్ళకు గల్ఫ్ నుంచి ఫోను వెళితే ఓటు ఎటంటే అటు తిరుగుతుంది గనక, విమానం టిక్కెట్టు కొనిచ్చి ఇటు పంపారు. పరదేశంలో పని చేసుకుంటున్నవాళ్ళ దగ్గరికొచ్చి, పరాయివాళ్ళను తరుముతాను నాకు ఓటేయించండని అడగడం! ఇది విడ్డూరమని ఒక్కరికీ తోచకపోవడం చూస్తే నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

మస్కట్‌లో వాదీ కబీర్ అనే పేట దగ్గర ఎవరి ఫ్లాట్‌లోనో మనవాళ్ళను కూడేసి మాట్లాడి, బస్సెక్కి ఇబ్రి వచ్చాడు. చంకనెత్తుకుని తిప్పిన పిల్లాడు, జుట్టు నెరవడం మొదలైంది. చూసి నా ప్రాణం లేచొచ్చింది. చిట్టగాంగ్ వాడు ఆ పూట చేపల కూర నువ్వుల నూనెతో వండాడు. మావాడు రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాడు.

చుట్టం వచ్చాడని అర్బాబ్ చెవిన పడింది. శుక్రవారం నమాజు అయ్యాక ముగ్గుర్నీ రమ్మన్నాడు. ఇక్కడ కాఫీకి ఒక పద్ధతి ఉంది. కప్పు చిన్నది, అడుగున రెండు గుటకలే పోస్తారు. చాలు అనిపిస్తే కప్పును వేళ్ళ మధ్య అటూ ఇటూ ఊపి ఇచ్చెయ్యాలి. ఊపకుండా ఇస్తే ఇంకా కావాలని అర్థం. దారిలోనే చెప్పాను. మావాడు ఫోన్లో తల దూర్చి వినలేదు.

మజ్లిస్‌లో, అంటే వాళ్ళ చావడి గదిలో, తివాచీ మీద వరసగా కూర్చున్నాం. అర్బాబ్ కొడుకు కాఫీ కూజా పట్టుకుని వచ్చాడు. ఇంజనీరింగు చదివి చాలాకాలంగా ఉద్యోగం దొరక్క ఇంట్లో ఉన్న కుర్రాడు. కుడివైపు చివర చిట్టగాంగ్ వాడు ఉన్నాడు గనక మొదటి కప్పు అతనికి ఇచ్చాడు. మావాడి ముఖం ముడుచుకుంది.

“ఏంటి మావయ్యా, పనోడికి ముందు పోశాడేంటి?” అన్నాడు తెలుగులో.

“కుడిపక్క కూర్చున్నాడు గనక.”

“చుట్టాన్ని నేను కదా.”

“ఇక్కడ మనం ముగ్గురం చుట్టాలమేరా.”

అర్బాబ్ ఊళ్ళో వానల గురించీ పంటల గురించీ అడిగాడు. మెల్లగా, ఎన్నికలటగా, ఏం చెబుతున్నావు మీవాళ్ళకి అన్నాడు. మావాడు చెప్పింది నేను అరబీలోకి మార్చాలి. మెత్తగా చుట్టి చెప్పి పరువు కాపాడదామని ఒక్క క్షణం అనిపించింది. తర్వాత, వాడి మాట వాడిదే, నేనెందుకు ముసుగు వేయాలనుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. వేరేచోటి నుంచి పనికి వచ్చినవాళ్ళను ఊళ్ళోంచి పంపించేస్తానంటున్నాడు అన్నాను. అలా వచ్చినవాళ్ళం ఇద్దరం ఆ తివాచీ మీద కూర్చుని ఉన్నాం.

అర్బాబ్ ఖర్జూరపు గింజను వేళ్ళ మధ్య తిప్పుతూ, మరి ఆ రొయ్యలు ఎవరు ఒలుస్తారని అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగా తెలుసుకుందామనే. అదంతా గెలిచాక చూసుకుంటామన్నాడు మావాడు. ఆ తర్వాత కుర్రాడి వైపు తిరిగి, ఇంగ్లీషులో, నువ్వు చదువుకుని ఖాళీగా ఉన్నావు కదా, వీళ్ళను చూస్తే నీకు కోపం రాదా అని అడిగాడు. జవాబు కోసం ఆశగా చూశాడు.

“వస్తుంది,” అన్నాడు కుర్రాడు. “నీ ఒక్కడి జీతానికి ముగ్గురు దొరుకుతారని నాకు లెక్క చెప్పిన కంపెనీ మీద వస్తుంది. ఆ ముగ్గురూ నాలాగే పని అడిగారు. వాళ్ళ మీద ఎందుకు?”

ఆ మాటలంటూనే మళ్ళీ మావాడి కప్పు నింపాడు. అప్పటికి ఎన్నోసారో. మావాడు ఇక తాగలేక చెమటలు కక్కుతున్నాడు. వద్దంటే మర్యాద కాదేమోనని భయం. చివరికి కుర్రాడే నవ్వు ఆపుకుంటూ, కప్పు ఊపండి అన్నాడు. అందరం నవ్వేశాం. మావాడూ నవ్వాడు. ఆ ఇంట్లోవాళ్ళు ఎవర్నీ చిన్నబుచ్చి పంపరు.

మర్నాడు షాపులో మావాడు వీడియో తీయడానికి ఇస్త్రీ బల్ల మీద ఫోను నిలబెట్టాడు. తను చెప్పమన్నది రెండు ముక్కలే. బయటోళ్ళు పని లాక్కున్నారు, అందుకే ఊరు వదిలాను అనాలి.

“నేను ఊరు వదిలేనాటికి మన ఊళ్ళో ఒడిశావాడు ఒక్కడూ లేడురా. నాకు పని ఇవ్వనిది మనవాళ్ళే.”

“అదంతా ఎవడికి గుర్తుంటది మావయ్యా?”

“నాకు.”

వాడు ఫోను సరిచేసి, సరే, నీ ఇష్టమొచ్చిందే చెప్పు, నీ ముఖం చూస్తే చాలు జనం వింటారు అన్నాడు. చెప్పాను. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది, ఆ మట్టిగోడ సంగతీ, ఆ తల్లి పళ్ళెం పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోవడం, అంతా చెప్పాను. ఊరుకాని ఊళ్ళో నన్ను మనిషిగా చూసినవాళ్ళ రుణం తీరదన్నాను. మన ఊరికొచ్చినవాళ్ళకూ మనం అంత చేయగలిగితే బాగుండునన్నాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను. ముసలితనం, ఆపుకోలేకపోయాను. మావాడి కళ్ళూ తడిశాయి. అది నటన కాదని ఇప్పటికీ నమ్ముతాను. నన్ను కౌగిలించుకుని, బాగా వచ్చింది మావయ్యా అన్నాడు. ఆ సాయంత్రమే మస్కట్ బస్సెక్కాడు.

కొన్నాళ్ళకు చిట్టగాంగ్ వాడు, నీ సినిమా వచ్చింది భాయ్ అంటూ ఫోను పట్టుకొచ్చాడు. పక్క షాపు తెలుగు డ్రైవరు అతనికి పంపాడట. చూస్తే నేనే. పెదాలు కదులుతున్నాయి, మాట వినిపించడం లేదు. అతను ఫోను పాడైందేమోనని సౌండు పెంచాడు, విదిలించాడు, తుడిచాడు. అప్పుడు వేణువు మోత మొదలైంది, ఏడుపుగొట్టు మోత. నా కన్నీళ్ళ దగ్గర బొమ్మ నిలిచిపోయింది. కింద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. పరాయివాళ్ళు మన పని దోచుకుంటే మన పెద్దలు ఎడారి పాలయ్యారు, ఈ కన్నీటికి మీ ఓటే జవాబు అని.

ఏం రాశారని అడిగాడు. అర్బాబ్ ముందు దాచనివాణ్ణి, ఇతని ముందు ఎలా దాచను? చదివి హిందీలో చెప్పాను. అతను వెళ్ళి మిషను దగ్గర కూర్చుని, చేతిలో ఉన్న చొక్కా పక్క కుట్టు పూర్తి చేశాడు. దారం తెంపాడు.

“మీ ఊళ్ళో నాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారా భాయ్?”

“ఉన్నారు.”

“వాళ్ళు నీ ముఖాన్ని గుర్తుపెట్టుకుంటారు.”

తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాను. నన్ను పెంచిన దేశం మీదున్న ప్రేమ నా కళ్ళలోంచి కారితే, దాన్ని పట్టి మన ఊరికి పనికొచ్చిన ఎవరో ఆడదాని వంటపొయ్యి మీద పోసి ఆర్పుతారా?

మావాడికి ఫోను చేశాను. మాట తీశాం గానీ అబద్ధం ఏం పెట్టాం మావయ్యా అన్నాడు. పైవాళ్ళు చేయించారన్నాడు. ఇంకా ఒక మాట అన్నాడు, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు కాలతాయి. నిజంగా వాళ్ళను పంపించేస్తామా ఏంటి, షెడ్లు మూతపడవూ, షెడ్డు యజమానే కదా నా ప్రచారానికి జీపులిచ్చింది అన్నాడు. అంటే పని చేయడానికి వాళ్ళు కావాలి, తిట్టి గెలవడానికీ వాళ్ళే కావాలి. నేను రంగం, అంటే రంగూన్, సంగతి ఎత్తాను. మా తాత, వాడికి ముత్తాత, ఓడెక్కి రంగం పోయి రేవులో మూటలు మోసినవాడు. అక్కడి నాయకులు తెలుగు కూలీలను వేలెత్తి చూపించి జనాన్ని రెచ్చగొడితే, కట్టుబట్టలతో తిరిగొచ్చినవాడు. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచేవాడని మా నాయనమ్మ చెప్పేది. ఆ నెత్తురేరా నీదీ అన్నాను. మీటింగుకు టైమైందని ఫోను పెట్టేశాడు.

పోలింగు దగ్గరపడుతుండగా మా చెల్లెలు ఫోను చేసింది. తన ఇంటి పక్క వాటాలో ఒడిశా మొగుడూ పెళ్ళాలు అద్దెకుంటారు. ఇద్దరూ షెడ్డులో పని. చెల్లెలికి మోకాళ్ళు పనిచేయవు. నీళ్ళు తెచ్చిపెట్టేదీ, స్నానానికి లేవదీసేదీ ఆ అమ్మాయే. ముందు మీ అమ్మ ఇంట్లోవాళ్ళను పంపించి తర్వాత ఊరికి చెప్పవయ్యా అని అవతలి పార్టీవాళ్ళు మావాణ్ణి ఏడిపిస్తున్నారట. ఆదివారంలోగా వాటా ఖాళీ చేయించమని వాడు తల్లి మీద కూర్చున్నాడు.

“చెప్దామనే ఎల్లాను అన్నయ్యా, నోరు రాలేదు. ఈడేమో పొద్దున్నా సాయంత్రం నీ వీడియో చూపించి, మావయ్య ఏడుపు చూడమ్మా, నీకు ఆ పిల్లే ఎక్కువా అంటన్నాడు. నువ్వే చెప్పు. నిన్ను అంతలా ఏడిపించింది ఎవరు?”

“ఒక తల్లి,” అన్నాను.

అప్పుడు మొత్తం చెప్పాను. గోడ, నీడ, పళ్ళెం.

“ఇన్నేళ్ళూ చెప్పలేదేం?” అంది చివరికి.

“చెప్తే నువ్వు అన్నం మానేసేదానివి.”

“ఎవరివని అడగనే లేదా ఆవిడ?”

“లేదు. పనేం వచ్చని కొడుకు అడిగాడు. అదీ నేను కొన్నాళ్ళు తిన్నాక.”

ఆ అమ్మాయిని ఉంచమనీ అనలేదు, పంపమనీ అనలేదు. ఇల్లు ఆమెది, కొడుకూ ఆమె కొడుకే. పెళ్ళయిన కొత్తలో అత్తగారింట్లో పరాయిదానిగా తిరిగిన ఆడదానికి నేనేం చెప్పాలి? ఉంటాను అన్నయ్యా అని పెట్టేసింది. మళ్ళీ ఆమె ఫోను వచ్చేదాకా నా చేతిలో సూది సరిగా ఆడలేదు. వాళ్ళను బయటికి పంపితే అది నా ముఖం చూపించి చేసినట్టే. చిట్టగాంగ్ వాడు రోజూ మీ చెల్లెలు ఫోను చేసిందా అని అడిగేవాడు, మిషను మీంచి తల ఎత్తకుండానే.

మావాడు గెలిచాడు. షెడ్డు యజమాని దండ వేశాడని ఫోటో వచ్చింది. ఊళ్ళో నీళ్ళు అలాగే ఉప్పగా ఉన్నాయి. షెడ్డులో పనివాళ్ళూ అలాగే ఉన్నారు, కాకపోతే ఇప్పుడు తల దించుకుని నడుస్తున్నారు. ఒకరిద్దరికి సందులో రాళ్ళు తగిలాయట. గెలిచినవాడికి ఇది ప్రచారమే కావచ్చు, రాయి తగిలినవాడికి కాదు.

ఆ వారమే చెల్లెలు ఫోను చేసింది. పోలింగు రోజు మావాడు తల్లి కోసం ఆటో పంపాడట. ఆమె ఎక్కలేదు. ఆ ఒడిశా అమ్మాయి భుజం పట్టుకుని, ఊరి మధ్యలోంచి, అందరూ చూస్తుండగా నడిచి వెళ్ళింది. మోకాళ్ళు పనిచేయని మనిషి, ఆగి ఆగి, అరుగు కనపడ్డచోటల్లా కూర్చుంటూ. ఆ అమ్మాయికి అక్కడ ఓటు లేదు. బడి గేటు బయట ఎండలో నిలబడి, ఈమె వచ్చేదాకా కాచుకుని మళ్ళీ నడిపించుకుంటూ తీసుకొచ్చిందట. మావాడు దూరం నుంచి చూసి ముఖం తిప్పుకున్నాడట.

ఎవరికి వేశావని నేను అడగలేదు. ఆమే చెప్పింది.

“ఆడికే వేశాను అన్నయ్యా, కన్నాను కదా. ఈళ్ళని మాత్రం పంపను. ఆడు సర్పంచి ఊరికి. నా ఇంటికి కాదు.”

ఆ ఓటుకు నాకు కోపం రావాలి. రాలేదు. చదువు లేని నా చెల్లెలికి ఫోన్లోనే దణ్ణం పెట్టుకున్నాను. పెట్టేశాక ఆమె మాటను హిందీలోకి మార్చి చిట్టగాంగ్ వాడికి చెప్పాను. మిషను ఆపి, మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు.